బంగారుపేట సీమలో ఇల్లు, విద్యుత్తు, శాసనము

మద్రాసు నుండి బెంగుళూరునకు పోవు రైలు మార్గమున బంగారుపేట యొక ముఖ్యమైన కూడలి. ఈ పేరు విన్నవారు, దాపుననున్న గనుల బంగారమును బట్టియే యూరికీ పేరు వచ్చినదని తలంతురు. కాని యీ పేటకు పూర్వము బౌరింగుపేట యని పేరు. 1862 మొదలు 1870 వఱకు మైసూరు రాజ్యమునకు చీఫ్ కమీషనరుగా నుండిన లూయిన్ బెంథాం బౌరింగు పేరిట వెలసిన యా పేట కాలక్రమమున బంగారుపేట యైనది. దొర పేరు పోయి బంగారము నిలిచినది. 1894లో ఇచ్చటినుండి గనులకు రైలు శాఖ వేయబడినది. ఉరిగాము, చాంపియన్ రీఫ్, మారికుప్పము మున్నగు స్టేషనులు ఆ శాఖమీదివే. గనులలో అరవము వినిపించినంతగా తెలుగు వినిపింపకున్నను, చుట్టునున్న కోలారు, ముళబాగిలు, శ్రీనివాసపుర ప్రాంతములలో తెలుగు పలుకు కుటుంబములు అసంఖ్యాకములు. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడుటకు పూర్వము ఉత్తరార్కాటులో చేరియుండిన తెలుగు తాలూకాల నుండియు కూలివాండ్రు గనులకు వచ్చిరి. కావున నీ సీమ చరిత్ర తెలుగువారికి పరాయిది కాదు.

కట్టబోవు ఇంటి గోడ యెంత వేడిమిని లోనికి రానీయవచ్చును, దీపములకును యంత్రములకును ఎంత విద్యుత్తు చెల్లవలెను అని ప్రభుత్వము శాసించుట యిటీవలి మాట. భారతదేశమున నట్టి నియమావళి 2007లో వెలువడినది. అయినను విద్యుత్తు చేతనుంచుకొని ప్రభుత్వము కట్టడమును, కట్టుకొన్నవానిని తన దారికి తెచ్చు పద్ధతి అంత కొత్తది కాదు. దాని తొలిరూపము కోలారు గనుల చరిత్రలోనే కానవచ్చుచున్నది. ఆ పద్ధతి ఎవరిని చేరినది, ఎవరిని చేరలేదు అనునదియు నిచ్చటనే స్పష్టముగా తెలియుచున్నది.

గనుల పుట్టుపూర్వోత్తరములు విస్తరింప బనిలేదు. శ్రీరంగపట్టణము పతనమైన పిదప సరిహద్దులు కొలువవచ్చిన జాన్ వారెన్ 1802లో మారికుప్పము పరిసరములలో బంగారు జాడలు కనుగొనెను. ఐరిష్ సైనికుడు లవెల్ అను నాతడు 1870 ప్రాంతములలో వచ్చి, 1875లో త్రవ్వకపు హక్కును పొందెను. 1880లో జాన్ టేలరు కంపెనీవారు ప్రవేశించిన తరువాత గనులు నిలద్రొక్కుకొనెను. మైసూరు, చాంపియన్ రీఫ్, ఉరిగాము, నందిదుర్గము, బాలాఘాట్ అను కంపెనీ లొకదాని ప్రక్క నొకటి వెలసినవి.

గని లోతయిన కొలది రెండు చిక్కులు పెరుగును. నీటిని తోడివేయవలెను; రాతిని పైకి లాగవలెను. ఈ రెంటికిని శక్తి కావలెను. మొదట నా శక్తి కట్టెలనుండియు, బొగ్గునుండియు ఆవిరియంత్రముల ద్వారమున వచ్చుచుండెను. చుట్టుప్రక్కల అడవులు బాయిలరులకు ఆహుతి యయ్యెను. బొగ్గు దూరదేశమునుండి రైలుమీద రావలసియుండెను. ఈ స్థితిలో కావేరి శివసముద్రము వద్ద రెండు పాయలై పడుచోట విద్యుత్తు పుట్టించి గనులకు తెచ్చు ఆలోచన సాగినది. మైసూరు కొలువున డిప్యూటీ చీఫ్ ఇంజనీరుగా నుండిన లోత్బినియేర్ దొర ఈ పథకమును రూపొందించెను. 1883 మొదలు 1901 వఱకు దివానుగా నుండిన సర్ కె. శేషాద్రి అయ్యరు దానికి రాజ్యపు ధనమును ధైర్యమును సమకూర్చెను. నీటి యంత్రములు స్విట్జర్లాండులోని ఎషర్ విస్ కంపెనీవి. విద్యుత్ యంత్రములు అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవి. 1902 జూన్‌లో విద్యుత్తు గనులను చేరెను. మధ్య దూరము సుమారు 92 మైళ్లు. నాటికి ప్రపంచమున నంతటి పొడవైన విద్యుత్ తీగలు మిక్కిలి అరుదు. శేషాద్రి అయ్యరు 1901లోనే కీర్తిశేషుడైనందున ఆ దినమును చూడ నోచుకొనలేదు.

ఇచ్చట గమనింపదగిన విషయ మొకటి కలదు. శక్తి నుత్పత్తి చేసినది ప్రభుత్వము. వాడుకొన్నది ప్రయివేటు కంపెనీలు. ఇద్దరికిని నడుమ నున్నది శాసనసభ చేసిన చట్టము కాదు, ఒడంబడిక. ఇంత శక్తి ఇచ్చెదము, ఇంత వెల పుచ్చుకొందుము, ఇన్నేండ్లు తీసుకొనక తప్పదు అను షరతులతో సంస్థానము కంపెనీలను కట్టివేసెను. ఆవిరియంత్రములు మూలబడిన పిమ్మట గనులకు వేరు దారి లేదు. తీగె ఎవరి చేత నున్నదో మాట వారిదే. అయితే ఆ కట్టు సంస్థానమునకును తగిలినది. వేసవిలో కావేరి చిక్కిపోయినపుడు గనుల యంత్రములు నిలుచు ప్రమాద మేర్పడెను. నిలిచిన దినమున సంస్థానపు రాబడియు నిలుచును. గనుల విద్యుత్తుకు ఏడాది పొడవునను నీరు నిలువచేయ వలయునను అక్కఱ, 1911లో మొదలైన కృష్ణరాజసాగరమునకు గల ముఖ్య కారణములలో నొకటి. ఆ యానకట్టకు కర్త యైన మోక్షగుండం విశ్వేశ్వరయ్య కోలారు సీమలోని ముద్దేనహళ్లివాడు. పూర్వులు మోక్షగుండమునుండి తరలిన తెలుగువారు.

బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగినది 1905లో. గనుల యంత్రములకు మూడేండ్లు ముందే విద్యుత్తు వచ్చినది. దీనిని చెప్పుకొని గర్వించుట పరిపాటి యైనది. కాని తీగె వచ్చినది యంత్రమునకు. యంత్రము దగ్గర పనిచేయువాని యింటికి గాదు. దొరల బంగళాలు, తోటలు, క్లబ్బులు చూచి పరదేశీయులు ఈ ప్రాంతమును చిన్న ఇంగ్లండని మురిసిరి. కూలివాని నివాసము మాత్రము వెదురు తడికెల గుడిసె. వరుసగా వేసిన యా గుడిసెలకు లైన్లని పేరు. చాలకాలము పిదపగాని తడికెల చోట రాతిగోడలు, రేకు కప్పులు రాలేదు. వచ్చిన తరువాతను గది యొకటే, కుటుంబ మొకటికంటె ఎక్కువ. రేకు కప్పు క్రింద వేసవి మధ్యాహ్న మెట్లుండునో చెప్ప బనిలేదు.

ప్రభుత్వమునకు కూలివానిని శాసింప శక్తి లేకపోలేదు. 1930లో కూలివాండ్ర వ్రేలిముద్రలు తీసి నమోదు చేయవలెనను నియమము వచ్చినపుడు వేలమంది పని మానివైచి కొన్ని వారములు సమ్మె కట్టిరి. వ్రేలిముద్ర వఱకు పోగలిగిన శాసనము, అదే మనిషి పండుకొను గది కప్పు ఎంత వేడెక్కునను ప్రశ్న వేసికొనలేదు. నాటి ప్రపంచమున నెచ్చటను అట్టి ప్రశ్న అంతగా లేదనుట నిజమే. కాని గనిలోపల ఆ ప్రశ్న తప్పించుకొనరానిదైనది. చాంపియన్ రీఫ్ గని క్రమముగా మూడు కిలోమీటర్లకు పైగా దిగినది. ఆ లోతున రాతివేడిమి 65 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమున నుండెను. గాలిని చల్లబఱచి లోనికి త్రోయక పని సాగదు. 1952 గనుల చట్టము క్రింద 1961లో వెలువడిన లోహ గనుల నిబంధనలు, తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకము 33.5 డిగ్రీలను మించరాదనియు, 30.5 డిగ్రీలు దాటినచోట గాలి సెకనునకు ఒక మీటరు వడికి తగ్గక వీచవలెననియు నిర్దేశించినవి. మనిషి యుండు చోట వేడిమికి అంకెలలో హద్దు కట్టిన శాసనము, అందునా తనిఖీదారు వచ్చి కొలిచిచూచు శాసనము, ఈ సీమకు ఆనాడే వచ్చినదన్నమాట. షిఫ్టు ముగిసి పైకి వచ్చినవానికి ఆ హద్దు అక్కడితో సరి. ఇంటిలో 40 డిగ్రీలున్నను అడుగువాడు లేడు.

గనులు 1956లో మైసూరు రాష్ట్ర ప్రభుత్వపు చేతికి, 1962లో కేంద్రప్రభుత్వపు చేతికి వచ్చినవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడినది. 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడినవి. విచిత్రమేమనగా, అదే 2001లో భారత పార్లమెంటు శక్తి పరిరక్షణ చట్టమును చేసినది. అది 2002 మార్చి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. ఇంధన సామర్థ్య సంస్థ యను కేంద్రసంస్థయు ఆనాడే నెలకొన్నది. ఇంకొక సంగతి: 2003లో ఒరిస్సాలోని తాల్చేరునుండి కోలారునకు సుమారు 1,450 కిలోమీటర్ల పొడవున, 500 కిలోవోల్టుల ఏకముఖ విద్యుత్ మార్గము పనిచేయసాగినది. నాడు దాని శక్తి 2,000 మెగావాట్లు. 1902లో కావేరి తీగె చేరిన సీమకే, శతాబ్దము పిమ్మట తెలుగునేల మీదుగా మరియొక దీర్ఘమైన తీగె వచ్చి ముగిసినది. ఈసారి గని లేదు. ఆ శక్తి దక్షిణ రాష్ట్రముల పట్టణములకు, అందులోని గాజుగోడల మేడలకు పోవుచున్నది.

ఆ మేడల విషయముననే నియమావళి పుట్టినది. 2001 చట్టపు 14వ ప్రకరణము మేరకు భవనములకు శక్తి నియమావళిని విధించు అధికారము కేంద్రమునకు గలదు. 15వ ప్రకరణము మేరకు తమ శీతోష్ణములకు తగినట్లు దానిని సవరించుకొను అధికారము రాష్ట్రమునకు గలదు. ఇట్టి పంపకమునకు మూలము రాజ్యాంగములోనే యున్నది. విద్యుత్తు ఉమ్మడి జాబితాలోనిది; భూమియు, స్థానిక పరిపాలనయు రాష్ట్ర జాబితాలోనివి. ఢిల్లీ వ్రాసిన నియమావళి రాష్ట్రము స్వీకరించి ప్రకటింపనిదే, ప్రకటించినదానిని పురపాలక సంఘము తన కట్టడపు నిబంధనలలో చేర్చుకొననిదే, కోలారులోగాని కర్నూలులోగాని ఒక్క యిటుక కదలదు. ఇందులో ఏ మెట్టు తప్పినను నియమావళి గ్రంథాలయమునకే పరిమితము.

2007 మే నెలలో వెలువడిన తొలి నియమావళి స్వచ్ఛందముగా పాటింపవలసినది. గోడలు, కప్పు, కిటికీలు, గాలి చల్లబఱచు యంత్రములు, దీపములు, విద్యుత్ పరికరములు అను నంశముల కొలతలందు గలవు. దేశమును ఐదు శీతోష్ణ మండలములుగా అది విభజించినది. బెంగుళూరు సమశీతల మండలము. హైదరాబాదు మిశ్ర మండలము. విశాఖపట్టణము ఉక్కపోత మండలము. మొదట 500 కిలోవాట్ల భారము గల పెద్ద మేడలకే యుండిన హద్దును 2010 సవరణ 100 కిలోవాట్లకు దింపినది. 2017లో వెలువడిన రెండవ కూర్పు, మామూలు కట్టడముకన్న నాల్గవవంతు శక్తి ఆదా కావలెనని కనీసపు మెట్టును నిర్ణయించినది.

రాష్ట్రము దీనిని స్వీకరించు తీరునకు ఆంధ్రప్రదేశము మంచి యుదాహరణము. ఉమ్మడి రాష్ట్రమున 2014 జనవరిలో పురపాలక శాఖ ఉత్తర్వు వెలువరించి నియమావళిని భవన నిర్మాణ నిబంధనలలో చేర్చినది. హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఆ పనిలో తోడ్పడినది. 1,000 చదరపు మీటర్ల స్థలమునగాని, 2,000 చదరపు మీటర్ల కట్టడముగాని గల వాణిజ్య భవనములకు అది వర్తించును. ఇంధన శాఖ గాక పురపాలక శాఖ ఉత్తర్వీయుటలోనే కిటుకున్నది. ప్లానుకు అనుమతి నిచ్చువారే షరతును పెట్టగలరు. ఆఱు నెలలు గడవకముందే, జూన్ 2న, రాష్ట్రము రెండైనది. ఆ యుత్తర్వు ఇరువురకు వారసత్వముగా సంక్రమించినది. తెలంగాణము 2023లో చల్లని కప్పుల విధానమునుగూడ ప్రకటించి, 600 చదరపు గజములు మొదలుకొని పెద్ద స్థలములలోని నివాసములకు అది తప్పనిసరి చేసినది. నియమావళిని సరిచూచుటకు పురపాలక సంఘమున నంతటి నిపుణులుండరు గనుక, గుర్తింపు పొందిన పరీక్షకులు ప్లానును చూచి ధ్రువపత్రము నిత్తురు. ఆ పరీక్షకునికి రుసుము చెల్లించువాడు భవనము కట్టువాడే యగుట యీ యేర్పాటులో ఒక లోపము.

కర్ణాటకము వేరొక దారి త్రొక్కినది. ఆ దారియే కోలారు జిల్లా సామాన్య గృహస్థుని గడప తొక్కినది. 2007 నవంబరులో ఆ ప్రభుత్వము శక్తి పరిరక్షణ చట్టము క్రింద నొక యుత్తర్వు చేసినది. పురపాలక సంఘముల పరిధిలో 600 చదరపు టడుగులును అంతకు మించియు గల క్రొత్త యిండ్లకు, హోటళ్లకు, ఆసుపత్రులకు, హాస్టళ్లకు ఎండతో నీరు కాచు సోలారు హీటరు తప్పనిసరి యైనది. దీనిని అమలుపఱచు భారము పురపాలక సంఘముమీదనే విడువక, విద్యుత్ సరఫరా కంపెనీ చేతికిచ్చిరి. కోలారు జిల్లాకు సరఫరా చేయు బెస్కాము, హీటరు పెట్టని యింటికి క్రొత్త కనెక్షను ఈయరాదు. పెట్టినవానికి నెలకు 50 రూపాయలకు మించని తగ్గింపు బిల్లులో లభించును. శివసముద్రపు ఒడంబడికలో సంస్థానము కంపెనీలను కట్టిన త్రాడే ఇది. ఈసారి మేడమీది గృహస్థునకు తగిలినది.

ఈ పద్ధతి బలమెక్కడనో సులభముగా తెలియును. ప్లానుకు అనుమతి లేకయే యిల్లు కట్టువారు చిన్న పట్టణములలో తక్కువగా నుండరు. కాని మీటరు లేక కాపురముండువారు అరుదు. పురపాలక సంఘమును తప్పించుకొన్నవాడు సైతము విద్యుత్ కార్యాలయపు కిటికీవద్దకు వచ్చి తీరవలెను. 100 లీటర్ల హీటరు రెండు చదరపు మీటర్ల పలకతో, రెండు కిలోవాట్ల గీజరు చేయు పనిని చేయును; ఊరంతయు స్నానమాడు ఉదయపు వేళ తీగెలమీది భారము తగ్గును. శీతకాలమున చలి గలిగి, ఎండకు కొఱత లేని కోలారు పీఠభూమికి ఇది తగిన సాధనమే. 2010 ప్రాంతమున బంగారుపేట తాలూకాలోని యలేసంద్రమున కర్ణాటక విద్యుత్ సంస్థ 3 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రమును నెలకొల్పినదన్న, ఇచ్చటి యెండ నెంత నమ్మిరో తెలియును.

బలహీనత యెక్కడనో కూడ తెలియును. 2003 విద్యుత్ చట్టపు 43వ ప్రకరణము అడిగినవానికి నిర్ణీత కాలములో కనెక్షను ఇచ్చుట సరఫరాదారు విధి యని చెప్పుచున్నది. ఇచ్చుట విధి యనుచునే, ఈయకుండుటను ఆయుధముగా వాడుట. ఈ రెంటిని పొసగించుటకు నియంత్రణ కమీషను సరఫరా షరతులను సవరింపవలసి వచ్చినది. పైగా ఇది ఒక దినపు శాసనము. మీటరు బిగించునాడు హీటరున్నదా లేదా యనియే అది చూచును. కోలారు నీటిసంగతి లోకమునకు తెలియును: జీవనది లేదు, చెరువు లెండినవి, బోరుబావులు వెయ్యి యడుగులు దాటినవి, 2018నుండి బెంగుళూరులో శుద్ధి చేసిన వాడుక నీటిని గొట్టములద్వారా తెచ్చి చెరువులు నింపవలసి వచ్చినది. బోరునీటిలోని సున్నము హీటరు గొట్టములకు పట్టి కొన్నేండ్లకు వానిని మూసివేయును. హీటరు పనిచేయక గీజరు మరల గోడకెక్కినను మీటరు మాత్రము తిరుగుచునే యుండును. శాసనము వ్రాసినవారు ఎండను లెక్కించిరి, నీటిని లెక్కింపలేదు.

నివాసముల గోడలు, కిటికీలనుగూర్చిన నియమావళి 2018 డిసెంబరులో ఎకో నివాస్ సంహిత యను పేర వెలువడినది. ఎండవేడిమి గోడలగుండ లోనికి వచ్చుటకు చదరపు మీటరునకు 15 వాట్ల హద్దును, కప్పునకు వేరొక హద్దును అది పెట్టినది. సమశీతల మండలములో, తెఱవదగిన కిటికీల వైశాల్యము గది నేలలో ఎనిమిదవ వంతునకు తగ్గరాదనినది. చక్కని నియమము. కాని గనుల పట్టణమున దీనికొక చిక్కు కలదు. శతాబ్దమునకు పైగా రాతిని పొడిచేసి బంగారము తీసివేసిన పిండి, సయనైడు దిబ్బలను పేర కొండలవలె నిలిచియున్నది. సుమారు 3 కోట్ల టన్నులకు పైబడిన రాశి యది. గాలి వీచు నెలలలో దిబ్బల ధూళి యెగసి యిండ్లలోనికి వచ్చును. దాపుననున్న గృహిణి చేయు మొదటి పని కిటికీ మూయుట. గాలి రావలెనని నియమావళి తెఱిపించిన కిటికీని దిబ్బ మూయించును. ఒక ప్రభుత్వ సంస్థ విడిచిపోయిన ధూళిని మరియొక ప్రభుత్వ సంస్థ నియమావళి ఎఱుగదు.

అంతకన్న ముఖ్యమైనది హద్దుల సంగతి. సంహిత వర్తించునది 500 చదరపు మీటర్లును ఆపైనను గల స్థలములలోని కట్టడములకు. వాణిజ్య నియమావళి 100 కిలోవాట్లకు పైబడినవానికి. కర్ణాటకపు హీటరు ఉత్తర్వు 600 చదరపు టడుగుల పైమాటకు. 2022లో సవరింపబడి 2023 జనవరి 1 నుండి అమలైన చట్టము నివాసములనుగూడ స్పష్టముగా నియమావళి క్రిందికి తెచ్చినది. 100 కిలోవాట్ల హద్దును రాష్ట్రములు తగ్గించుకొనవచ్చుననినది. కాని గనుల లైను ఇల్లు ఈ హద్దులలో దేనిని అందుకొనదు. చిన్న యింటివానిపై ఖర్చు మోపరాదని హద్దు పెట్టినవారి ఉద్దేశము మంచిదే. ఫలితము మాత్రము తడికెల నాటిదే: శక్తిని ఎక్కువగా వాడువాని సుఖమునకు కొలతలు వచ్చినవి, వేడిమిని ఎక్కువగా భరించువాని గదికి రాలేదు. ఆ గది కప్పునకు సున్నపు పూత పూయుటకు, రేకుక్రింద తడికెల అడ్డు కట్టుటకు ఆజ్ఞ యక్కఱలేదు, సాయము కావలెను. ఆజ్ఞలు చేయు చట్టమున సాయమునకు చోటు స్వల్పము.

గనులు మూతపడిన పిమ్మటను లైన్లలో కుటుంబము లున్నవి. పడుచువాండ్రు తెల్లవాఱకముందే మారికుప్పమునుండి బయలుదేఱు రైలెక్కి, బంగారుపేట మీదుగా బెంగుళూరునకు పోయి, రాత్రికి మరలి వత్తురు. కొంద ఱచ్చట కట్టుచున్న పెద్ద మేడలలోనే పనిచేయుదురు. ఆ మేడ గోడకు, గాజునకు, కప్పునకు నియమావళి కొలతలు గలవు. సాయంకాలపు రైలు దిగి చేరు యింటికి లేవు.